షవర్ డబ్బా మొరాయిస్తే: బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవారికి

బ్రిటన్‌లో కాస్త పాత ఇంట్లో దిగితే, బాత్రూమ్ గోడకు బిగించిన తెల్ల డబ్బా ఒకటి కనిపిస్తుంది. ముందు రెండు నాబ్‌లు, పక్కన ఒక పైపు, ఆన్ చేయగానే మిక్సీ తిరిగినట్టు మోత. మనవాళ్ళు దాన్ని చూడగానే గీజర్ అనేస్తారు. అది గీజర్ లాంటిదే కావచ్చు, అసలు కాకపోనూవచ్చు. ఈ ఒక్క సంగతి తేల్చుకోకుండా ప్లంబర్‌కు ఫోన్ చేసినా, కొత్తది కొనుక్కొచ్చినా డబ్బు దండగ. దండగ చేసినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను.

ఆ డబ్బాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి ఎలక్ట్రిక్ షవర్. దీనికి చన్నీళ్ళ పైపు ఒక్కటే వస్తుంది. లోపలున్న హీటర్ నీళ్ళను అప్పటికప్పుడు కాచి వదులుతుంది, అంటే మన ఇన్‌స్టంట్ గీజర్‌కు తమ్ముడు. రెండోది పవర్ షవర్. ఇందులో హీటర్ ఉండదు, చిన్న మోటారు ఉంటుంది. వేణ్ణీళ్ళ పైపు ఒకటి, చన్నీళ్ళ పైపు ఒకటి దానిలోకి వస్తాయి. రెంటినీ కలిపి, మోటారుతో తోసి వదలడమే దాని పని. పైనుంచి చూస్తే రెండూ అచ్చు కవలలు. ట్రైటన్, మీరా లాంటి కంపెనీలు రెండు రకాలూ తయారుచేస్తాయి కాబట్టి పేరు చూసి పోల్చుకోవడం కుదరదు.

పోల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. ఇంటికంతా నీళ్ళు కాచే బాయిలర్ ఆగిపోయి వంటింటి పంపులో చన్నీళ్ళు వస్తున్నప్పుడు కూడా షవర్‌లో వేడి తగ్గలేదంటే అది ఎలక్ట్రిక్ షవర్. దానికి బాత్రూమ్ పైకప్పు నుంచి వేలాడే తాడు స్విచ్ గానీ, బయట గోడ మీద పెద్ద స్విచ్ గానీ ఉంటుంది. పవర్ షవర్ అయితే ఇంట్లో ఎక్కడో ఒక అల్మరాలో వేణ్ణీళ్ళు నిల్వ ఉండే రాగి సిలిండర్ ఉంటుంది (ఆ అల్మరాను ఎయిరింగ్ కప్‌బోర్డ్ అంటారు, చాలామంది అందులో తువ్వాళ్ళు ఆరేస్తారు), లాఫ్ట్‌లో, అంటే పైకప్పు కింది అటకలో, చన్నీళ్ళ ట్యాంక్ ఉంటుంది.

ఆ ట్యాంకే అసలు కథ. మన ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంక్ డాబా మీద దర్జాగా దిమ్మె కట్టి మరీ కూర్చుంటుంది. ఇక్కడది లాఫ్ట్ నేల మీదే ఉంటుంది. దాని అడుగుకూ షవర్ తలకూ మధ్య ఒక మీటరు ఎత్తు ఉంటే గొప్ప. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే గానీ నీటికి ఒక బార్ ఒత్తిడి రాదు. మీటరుకు వచ్చేది అందులో పదో వంతు, అంటే తల తడుస్తుంది గానీ షాంపూ వదలదు. అందుకే మోటారు పెట్టారు.

అద్దె ఇల్లయితే

మీరు చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. ఇంగ్లండ్‌లో 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. నీళ్ళ సరఫరా, వేణ్ణీళ్ళ ఏర్పాట్లు పనిచేసేలా ఉంచాల్సింది ఇంటి యజమానే అని అది చెబుతుంది. అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాలతో మరోలా రాసినా ఆ బాధ్యత మీ నెత్తికి రాదు. వాడి వాడి అరిగిపోయిన మోటారుకు మీరు డబ్బు కట్టక్కర్లేదు, మీరే పగలగొడితే తప్ప.

ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. ఈమెయిల్ పెట్టండి, మోత వినిపించేలా చిన్న వీడియో జత చేయండి, డబ్బా కింద అంచున ఉండే మోడల్ పేరు ఫోటో తీసి పంపండి. ఆ ఒక్క ఫోటో ఉంటే ప్లంబర్ సరైన విడిభాగంతోనే వస్తాడు. లేకపోతే మొదటిసారి చూసి వెళ్ళి, రెండోసారికి మరో వారం పడుతుంది. కోపమొచ్చి అద్దె ఆపేయడం మాత్రం వద్దు. న్యాయం మీవైపున్నా బకాయి మీ పేరు మీదే పడుతుంది. యజమాని ఎంతకూ పలకకపోతే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్ళకు రాయవచ్చు.

ఇంకో మాట, షవర్‌కు సంబంధం లేకపోయినా. ఇక్కడి బాత్రూమ్ నేలకు నీళ్ళు పోయే తూము ఉండదు. షవర్ చెడిందని బకెట్, చెంబు తెచ్చుకుని నేల మీద స్నానం చేస్తే ఆ నీళ్ళు కింది గది సీలింగ్‌లో తేలతాయి. ఆ మరక ఖర్చు మాత్రం మీ డిపాజిట్ లోంచే పోతుంది. బకెట్ పెట్టుకోండి, కానీ టబ్‌లో.

ముందు ఏది చూడాలి

నీళ్ళు సన్నగా వస్తుంటే తొంభై పాళ్ళు అనుమానించాల్సింది షవర్ తలనే. లండన్‌లోనూ ఆగ్నేయ ఇంగ్లండ్‌లోనూ నీళ్ళలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేదే షవర్ రంధ్రాల్లోనూ గడ్డకడుతుంది. స్కాట్లాండ్‌లో ఉంటే ఈ బాధ దాదాపు ఉండదు. తల విప్పి, తెల్ల వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. రాత్రంతా నానబెడితే మెరుపు పూత ఊడవచ్చు. తల విప్పేసి పైపులోంచే వదిలినప్పుడు ధార బాగా వస్తే మోటారు బానే ఉన్నట్టు.

వేడి ఎక్కువా తక్కువా అవుతూ ఒక నిమిషం మరగకాగి, మరో నిమిషం వణికిస్తుంటే లోపల వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ కాట్రిడ్జ్‌కు సున్నం పట్టి ఉండవచ్చు. మోటారు తిరుగుతోంది, నీళ్ళు రావడం లేదు అంటే పైపులో గాలి చిక్కి ఉంటుంది, లేదా లాఫ్ట్ ట్యాంక్ నిండటం లేదు. మా మొదటి అద్దె ఇంట్లో రెండు వారాలు మోటారునే తిట్టుకున్నాం. చివరికి ప్లంబర్ నిచ్చెన వేసుకుని లాఫ్ట్ ఎక్కి, ట్యాంక్ మూత తీసి చూపించాడు. ట్యాంక్‌లోకి నీళ్ళు వదిలే బాల్ వాల్వ్ బిగుసుకుపోయి నీళ్ళు చుక్కచుక్కగా దిగుతున్నాయి. షవర్‌ను ముట్టుకోకుండానే పని అయిపోయింది.

స్నానం మధ్యలో వేణ్ణీళ్ళు అయిపోవడం మాత్రం రోగం కాదు, లెక్క. పవర్ షవర్ నిమిషానికి 12 లీటర్లు వదులుతోందనుకోండి. సిలిండర్‌లో నీళ్ళు 60 డిగ్రీలు, ట్యాంక్ నీళ్ళు 10 డిగ్రీలు, మీకు కావాల్సింది 40. ఆ 12 లీటర్లలో 7 లీటర్ల పైచిలుకు వేణ్ణీళ్ళే కావాలి. 120 లీటర్ల సిలిండర్ పావుగంటకు ఖాళీ. పొద్దున్నే ఇద్దరు ఆఫీసుకు వెళ్ళే ఇంట్లో రెండోవాళ్ళ గతి అంతే. నీళ్ళ మీటర్ ఉన్న ఇల్లయితే నీళ్ళ బిల్లూ తడిసి మోపెడవుతుంది.

డబ్బాలోంచి కాలిన వాసన వస్తున్నా, ఫ్యూజ్ బోర్డులో స్విచ్ పదేపదే పడిపోతున్నా ఇక ప్రయోగాలు వద్దు. విద్యుత్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మూత విప్పి వేలు పెట్టే సాహసం ఎవరికీ అక్కర్లేదు.

సొంతిల్లు, కొత్త డబ్బా

ఇక్కడే నేను బోల్తా కొట్టాను. రెడింగ్‌లో ఇల్లు కొన్న మూడో ఏట పవర్ షవర్ మోటారు గోలచేసి గోలచేసి ఆగిపోయింది. విడిభాగాలు తయారీలో లేవన్నారు. షాపుకు వెళ్ళి చూస్తే పవర్ షవర్లు ఖరీదుగా, ఎలక్ట్రిక్ షవర్లు దాదాపు సగం ధరకే ఉన్నాయి. రెండూ డబ్బాలే కదా, పైగా వేడి ఎప్పటికీ అయిపోదట అని 9.5 కిలోవాట్లది కొనేశాను.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పాత స్విచ్ ప్లేటు విప్పి, లోపలి తీగను రెండు వేళ్ళతో పట్టుకుని నా వైపు చూశాడు. హెడ్‌ఫోన్ వైరు కంటే కాస్త లావు. అది చిన్న ఫ్యూజ్ మీద నడిచే మోటారుకు వేసిన తీగ. నేను తెచ్చినది 40 ఆంప్స్ దాకా లాగుతుంది. దానికి ఫ్యూజ్ బోర్డు నుంచి విడిగా, 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ లాగాలి. మాకైతే రెండు గదుల్లో నేల చెక్కలు లేపాలి, టైల్స్ కొన్ని పగలగొట్టాలి. షవర్ ధర కంటే ఆ పని ఖర్చు ఎక్కువ. పైగా కొత్త సర్క్యూట్ వేస్తే ఇంగ్లండ్‌లో బిల్డింగ్ రెగ్యులేషన్స్ కింద అది నమోదు కావాలి. ఎన్‌ఐసీఈఐసీ, నాపిట్ లాంటి సంస్థల్లో నమోదైన ఎలక్ట్రీషియన్ అయితే ఆ సర్టిఫికెట్ తనే ఇస్తాడు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ సొలిసిటర్ (లాయర్) ఆ కాగితం అడుగుతాడు.

అన్నీ పెట్టుకున్నా నా ఆశ తీరేది కాదని తర్వాత లెక్కేస్తే తెలిసింది. చలికాలంలో ఇక్కడ పంపు నీళ్ళు 7 డిగ్రీలకు పడిపోతే, 9.5 కిలోవాట్లతో వాటిని 40కి కాచగలిగేది నిమిషానికి 4 లీటర్లే. ఎండాకాలంలో 6 లీటర్లు. పవర్ షవర్‌కు అలవాటుపడ్డ ఒంటికి అది కుళాయి కింద కూర్చున్నట్టే ఉంటుంది. ఒకరు ఉండే ఫ్లాట్‌కు ఎలక్ట్రిక్ షవర్ మంచిదే, కాదనను. మా ఇంటికి కాదు.

చివరికి పాతదాని చోటే మరో పవర్ షవర్ పెట్టించాం. అదే తక్కువ గొడవ. కొనే ముందు పైపులు గోడలో ఎటునుంచి వస్తున్నాయో (పైనుంచా, కిందనుంచా, వెనకనుంచా) ఫోటో తీసుకోండి. కొత్త డబ్బా పాతదానికంటే చిన్నదైతే టైల్స్ మీద పాత రంధ్రాలు బయటపడతాయి, అదీ కొలుచుకోండి. గోడ మీద మోత వద్దనుకుంటే మోటారు లేకుండా వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ కలిపి వదిలే మామూలు మిక్సర్ షవర్ పెట్టి, సిలిండర్ పక్కన విడిగా పంపు పెట్టించుకోవచ్చు. ఖర్చు ఎక్కువ గానీ ధార బ్రహ్మాండం.

కాంబి బాయిలర్ ఉన్న ఇంట్లో మాత్రం పవర్ షవర్ మాటే ఎత్తకండి. కాంబి నీళ్ళను అప్పటికప్పుడే కాస్తుంది, దానికి ట్యాంకూ సిలిండరూ ఉండవు, నీళ్ళు నేరుగా మెయిన్ పైపు నుంచే వస్తాయి. పవర్ షవర్‌ను ఆ ఒత్తిడికి తయారుచేయరు. పైగా నిమిషానికి 12 లీటర్లకు మించి లాగే పంపును మెయిన్ సరఫరాకు కలపాలంటే 1999 నాటి వాటర్ ఫిటింగ్స్ రెగ్యులేషన్స్ ప్రకారం నీళ్ళ కంపెనీకి ముందే తెలిపి అనుమతి తీసుకోవాలి. కాంబికి మామూలు థర్మోస్టాటిక్ మిక్సర్ చాలు.

పని చేసేవాళ్ళ దగ్గర ఎస్టిమేట్ కాదు, క్వోట్ అడగండి. ఎస్టిమేట్ అంటే అంచనా, పెరగవచ్చు. క్వోట్ అంటే ఖాయం చేసిన ధర. 20 శాతం వ్యాట్ కలిపా, కలపకుండానా అని కూడా అడగండి. వంటింటి సింకు కింద స్టాప్‌కాక్ (ఇంట్లోకి వచ్చే మెయిన్ నీళ్ళను ఆపే వాల్వ్) కట్టేశాను కదా అని మీరే పైపు విప్పకండి. పవర్ షవర్ నీళ్ళు లాఫ్ట్ ట్యాంక్‌ నుంచి దిగుతాయి, స్టాప్‌కాక్ కట్టినా ట్యాంక్‌లో ఉన్నదంతా మీ మీదే పడుతుంది. ఎయిరింగ్ కప్‌బోర్డ్‌లో ఎర్ర చక్రాల వాల్వ్‌లు ఉంటే వాటిని కట్టాలి. అవి ఏళ్ళ తరబడి తిప్పకపోతే బిగుసుకుపోయి ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. అందుకే ప్లంబర్‌కే వదిలేయండి.

పాత డబ్బాను మామూలు చెత్త వేసే బిన్‌లో వేయకూడదు, కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో చిన్న విద్యుత్ సామాన్ల చోట పడేయాలి. నేను కొన్నదాన్ని షాపువాళ్ళు తిరిగి తీసుకోలేదు, పెట్టె చింపేశాను కదా. ఆన్‌లైన్‌లో కొని ఉంటే, అందాక 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి ఇచ్చే హక్కు ఉండేది. ఆ 9.5 కిలోవాట్ల డబ్బా ఇంకా మా లాఫ్ట్‌లో ట్యాంక్ పక్కనే ఉంది. ఎవరికైనా కావాలంటే, ముందు మీ ఇంటి తీగ మందం చూపించి అడగండి.