ఎస్సై, డీఎస్పీ, ఐపీఎస్: ఎవరు ఎక్కడిదాకా వెళ్తారు? ముందు తేదీలు లెక్కవేసుకోండి

పోలీసు శాఖలో నేను లాఠీ పట్టినవాణ్ని కాను. ఒక జిల్లా ఎస్పీ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సిబ్బంది వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అధికారుల సర్వీసు రిజిస్టర్లు, సీనియారిటీ జాబితాలు, చార్జి మెమోలు (శాఖాపరమైన ఆరోపణ పత్రాలు), పదోన్నతి ప్రతిపాదనలు నా బల్ల మీదుగానే వెళ్లేవి. ఇప్పుడు బంధువుల పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చి, "బాబాయ్, ఎస్సైగా చేరితే ఎప్పటికైనా ఎస్పీ అవుతానా?" అని అడుగుతుంటారు. నేను ముందు వాళ్ల పుట్టిన తేదీ అడుగుతాను. ధైర్యసాహసాలు, పతకాలు తరువాతి సంగతి. ఈ శాఖలో ఎంత ఎత్తుకు వెళ్తారనేది చాలావరకు ఏ దారిలో, ఏ వయసులో చేరారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక తెల్లకాగితం తీసుకోండి. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరే తేదీ, ప్రొబేషన్ పూర్తయ్యే తేదీ, రిటైరయ్యే తేదీ వరుసగా రాయండి. మధ్యలో మిగిలేదే మీ చేతిలో ఉన్న సర్వీసు.

పై అధికారుల హోదాకు చేర్చే దారులు ముఖ్యంగా మూడు. పోలీసు నియామక మండలి పరీక్ష రాసి ఎస్సైగా చేరడం, పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 ద్వారా నేరుగా డీఎస్పీ కావడం, యూపీఎస్సీ సివిల్స్ ద్వారా ఐపీఎస్‌కు ఎంపిక కావడం. కానిస్టేబులుగా చేరి డీఎస్పీ హోదాలో రిటైరైనవాళ్లూ ఉన్నారు కానీ, వాళ్లను చూసి లెక్క వేసుకోవద్దు. హోదాల పేర్లతో కూడా తికమక పడకండి. జిల్లాలో డీఎస్పీ అంటే కమిషనరేట్లో ఏసీపీ, అదనపు ఎస్పీ అంటే అదనపు డీసీపీ, ఎస్పీ అంటే డీసీపీ.

తేలికైన లెక్క ఐపీఎస్‌ది. ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు, తరువాత హైదరాబాద్ శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ. ఆ అకాడమీ 1948లో మౌంట్ అబూలో మొదలై 1975లో ఇక్కడికి వచ్చింది. ప్రారంభ మూలవేతనం 56,100 రూపాయలు. అక్కడి నుంచి బ్యాచ్ సంవత్సరమే కొలమానం: 14 ఏళ్లకు డీఐజీ, 18 ఏళ్లకు ఐజీ, 25 ఏళ్లకు అదనపు డీజీ, 30 ఏళ్లకు డీజీ హోదాకు అర్హత వస్తుంది. ఖాళీలను బట్టి కాస్త అటూఇటూ కావచ్చు.

ఇప్పుడు ఆ కాగితం మీద రాసి చూడండి. 25 ఏళ్లకు చేరిన అమ్మాయి 43 ఏళ్లకు ఐజీ, 50కి అదనపు డీజీ, 55కి డీజీ హోదా అందుకోవచ్చు. అదే బ్యాచ్‌లో 32 ఏళ్లకు చేరినవాడు 57కి అదనపు డీజీ అవుతాడు. డీజీ కావడానికి 62 రావాలి, ఐపీఎస్‌కు రిటైర్మెంటు 60. ఇద్దరూ ఒకే తరగతి గదిలో కూర్చున్నవాళ్లే. "ఇంకో ప్రయత్నం చేసి మంచి ర్యాంకు తెచ్చుకుంటాను" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. వద్దని అనడం లేదు, ఆ ఏడాది ఖరీదు ఎంతో తెలిసి చేయమంటున్నాను.

గ్రూప్-1 డీఎస్పీది మధ్యస్థమైన దారి. నా దృష్టిలో ఎక్కువమందికి అక్కరకొచ్చేదీ అదే. యూనిఫాం పోస్టులకు మిగతా గ్రూప్-1 పోస్టుల కంటే వయోపరిమితి తక్కువ, ఎత్తు, ఛాతీ కొలతలు ఉంటాయి. దరఖాస్తులో డీఎస్పీకి మొదటి ప్రాధాన్యం ఇచ్చేముందు ఆ కొలతలు ఇంట్లోనే టేపుతో చూసుకోండి. డీఎస్పీ తరువాత అదనపు ఎస్పీ, ఆపైన నాన్‌కేడర్ ఎస్పీ, అంటే ఐపీఎస్ కాని ఎస్పీ. అక్కడి నుంచి అందరి చూపూ కన్ఫర్డ్ ఐపీఎస్ మీద, అంటే పదోన్నతి మీద వచ్చే ఐపీఎస్ మీద ఉంటుంది. ప్రతి రాష్ట్ర కేడర్లోనూ కొంత వాటా రాష్ట్ర పోలీసు సర్వీసు అధికారుల పదోన్నతికి కేటాయించి ఉంది. డీఎస్పీగా ఎనిమిదేళ్ల సర్వీసు నిండితే అర్హత. ఇది కాగితం మీద మాట. ఖాళీలు రావాలి, ఖాళీకి ముగ్గురు చొప్పున పరిశీలించే జాబితాలో పేరు ఉండాలి, యూపీఎస్సీ ఛైర్మన్ లేదా సభ్యుడు అధ్యక్షత వహించే కమిటీ ఒప్పుకోవాలి. సీనియారిటీ మీద కోర్టు కేసు నడుస్తుంటే ఆ జాబితా కదలదు. ఎనిమిదేళ్ల మాట పట్టుకుని ఎదురుచూడకండి, దానికి రెట్టింపైనా పట్టవచ్చని అనుకుని ఉండండి. ఐపీఎస్ వచ్చినప్పుడు పాత సర్వీసును కొంత లెక్కలోకి తీసుకుని బ్యాచ్ సంవత్సరాన్ని వెనక్కి జరుపుతారు. డీఐజీ, ఐజీ ఆశలు ఉంటే అవి ఆ జరిపిన ఏళ్లలోనే ఉంటాయి.

ఎస్సైగా చేరినవారికి ముందుగా చెప్పాల్సింది జోన్ల సంగతి. రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల ఎస్సైల సీనియారిటీ జోన్‌వారీగా, అంటే కొన్ని జిల్లాలు కలిపిన ఒక్కో ప్రాంతానికి విడిగా ఉంటుంది. ఒకే రోజు అకాడమీలో చేరిన ఇద్దరిలో ఒకరు తన జోన్‌లో ఖాళీలు ఉండి ముందే ఇన్‌స్పెక్టర్ అవుతారు, మరొకరు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. ప్రతిభతో దానికి సంబంధమే లేదు. చిన్న వయసులో చేరి, మచ్చ లేకుండా వస్తే డీఎస్పీ దాకా ధీమాగా లెక్కవేసుకోవచ్చు. అదనపు ఎస్పీ అయితే సంతోషం. ఎస్పీ కావడం అసాధ్యమని అనను, కానీ ఎస్సై కొలువులో ఉంటూనే గ్రూప్-1 రాసినవాళ్లను చూస్తే నాకు ముచ్చటేసేది.

ఇక నా రంగానికి వస్తాను. చేరిన మొదటి ఏడాదే మీ సర్వీసు రిజిస్టరు తెరిపించి చూడండి. మొదటి పేజీలో ఫొటో, పుట్టుమచ్చలు, ఎడమచేతి వేలిముద్రలు, పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి ఉంటాయి. రెండూ ఒకటేనా, పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోతున్నాయా చూసుకోండి. తరువాత మార్చమంటే నిబంధనలు ఒప్పుకోవు. రెండోది ప్రొబేషన్. నేరుగా చేరినవారు మూడేళ్ల వ్యవధిలో రెండేళ్ల డ్యూటీ పూర్తి చేయాలి, నిర్ణీత పరీక్షలు పాసవ్వాలి. పూర్తయితే చాలదు, పూర్తయినట్టు ఉత్తర్వు రావాలి, ఆ ఉత్తర్వు రిజిస్టర్లో ఎక్కాలి. సెలవు మీద సెలవు పెట్టి ప్రొబేషన్ పొడిగించుకున్నవాళ్లు తమ బ్యాచ్‌వాళ్లకు సెల్యూట్ కొట్టాల్సి రావడం చూశాను.

ఒక ఇన్‌స్పెక్టర్ సంగతి చెబుతాను. బందోబస్తుకు ఆలస్యంగా వచ్చారని ఆయనకు సెన్సూర్ (రాతపూర్వక మందలింపు) వేశారు. అప్పీలు చేస్తే డీఐజీ దాన్ని రద్దు చేశారు. శిక్ష ఎర్ర సిరాతో రిజిస్టర్లో ఎక్కింది, రద్దు ఉత్తర్వు ఎక్కలేదు. అప్పటికి ఆయన వేరే జిల్లాకు బదిలీ అయ్యారు, ఆ కాగితం పాత కార్యాలయంలో ఏదో ఫైలు అడుగున ఉండిపోయింది. డీఎస్పీ ప్యానెల్ (పదోన్నతి జాబితా) వచ్చినప్పుడు సెన్సూర్ కనిపించింది, పేరు పక్కన పెట్టారు. ఆయన ఇంట్లో దాచుకున్న అసలు ప్రతి తెచ్చి చూపేసరికి కిందివాళ్లకు ఉత్తర్వులు అయిపోయాయి. సరిచేశారు గానీ దానికి పట్టిన సమయం తిరిగి రాలేదు. అందుకే ప్రతి ఉత్తర్వూ ఒక సొంత ఫైలులో పెట్టుకోండి.

మన దగ్గర ప్యానెల్ సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ జాబితాకు విచారణ అడ్డు కాకూడదంటే, చార్జి మెమో వస్తే గడువు చివరి రోజు దాకా ఆగకుండా జవాబు ఇవ్వండి. పెండింగులో ఉన్న విచారణ చిన్న శిక్ష కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. శిక్షకు ముగింపు తేదీ ఉంటుంది, విచారణకు ఉండదు. వార్షిక రహస్య నివేదికలో వ్యతిరేక వ్యాఖ్య పడి, మీకు తెలియజేస్తే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. దొరగారి దగ్గరికి వెళ్లి బతిమాలితే ఫైలులో ఏమీ మిగలదు.

పోస్టింగుల మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. శాంతిభద్రతలు దక్కకపోతే లూప్‌లైన్‌లో (ప్రాధాన్యం లేని పోస్టులో) పడేశారని బాధపడతారు, వీఆర్‌కు (పోస్టింగు ఇవ్వకుండా ఉంచే వేకెన్సీ రిజర్వుకు) పంపితే ఇంట్లో చెప్పరు. సీఐడీ, ఇంటెలిజెన్స్, ఏసీబీ, శిక్షణ కళాశాలల్లో చేసిన సర్వీసు కూడా సీనియారిటీలో పూర్తిగా లెక్కకు వస్తుంది. పైగా సీఐడీలో కేసు డైరీ రాయడం నేర్చినవాడు తరువాత ఏ కోర్టులోనూ తడబడడు. డీఎస్పీ, ఆ కింది హోదాల బదిలీలను డీజీపీ, మరో నలుగురు పై అధికారులతో కూడిన బోర్డు చూడాలని, స్టేషన్ అధికారికీ ఎస్పీకీ కనీసం రెండేళ్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే చెప్పింది. ఎంతమేరకు అమలవుతోందో రోజూ పేపర్లో బదిలీల వార్తలు చూసేవారికి నేను చెప్పనక్కర్లేదు.

అదే తీర్పు డీజీపీ ఎంపికకూ దారి చూపింది. సీనియర్ల నుంచి యూపీఎస్సీ మూడు పేర్లు ఇస్తుంది, రాష్ట్రం ఒకరిని ఎంచుకుంటుంది. కనీసం ఆరు నెలల సర్వీసు మిగిలి ఉండాలని తరువాత స్పష్టం చేశారు. అంటే ముప్పై ఏళ్లు నిష్కళంకంగా చేసినా, ఖాళీ వచ్చే నాటికి ఐదు నెలలే మిగిలితే పేరు వెళ్లదు. ఇక్కడా పుట్టిన తేదీయే.

చివరగా, కన్ఫర్డ్ ఐపీఎస్ అంచున ఉన్న అధికారులకు ఒక మాట. తెలంగాణలో రాష్ట్ర ఉద్యోగి రిటైర్మెంటు 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. ఐపీఎస్ అయితే 60. 58 దాటాక ఆ హోదా వస్తే పేరు పక్కన మూడు అక్షరాలు చేరతాయి, సర్వీసులో ఏడాదో రెండేళ్లో తగ్గుతుంది. జీతం, పెన్షన్, గ్రాట్యుటీ రెండు విధాలుగానూ లెక్క కట్టించి పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇష్టం లేదని రాసిచ్చే వీలు నిబంధనల్లో ఉంది. సెలెక్ట్ లిస్టు కదలకముందే మీ అకౌంట్స్ సెక్షన్ గుమాస్తాను కలవండి, ఉత్తర్వు వచ్చాక ఆయన చేయగలిగింది తక్కువ.