మాజీ సైనికుల కోసం మీ క్లాసులో ఏం చేయించొచ్చు: గేటు దగ్గర నుంచే మొదలుపెట్టండి

ముందు తేదీ సంగతి చూసుకోండి. మన దేశంలో మాజీ సైనికుల దినం జనవరి 14. సైన్యానికి మొట్టమొదటి భారతీయ కమాండర్-ఇన్-చీఫ్‌గా చేసిన కరియప్పగారు, మన పక్కనున్న కొడగు మనిషి, 1953లో రిటైరైన రోజు అది. కానీ ఆ రోజుకి మనకు సంక్రాంతి హడావిడి, బెంగళూరులో ఉన్న తెలుగు పిల్లల్లో సగం మంది అప్పటికే అనంతపురం బస్సో చిత్తూరు బస్సో ఎక్కేసి ఉంటారు. అందుకని నేను డిసెంబర్ 7న, అంటే సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు మొదలుపెట్టి జనవరి మొదటి వారానికి ముగిస్తాను. మధ్యలో డిసెంబర్ 16 వస్తుంది, 1971 యుద్ధం ముగిసిన రోజు, పాఠానికి అదీ కలిసొస్తుంది. మొత్తం ఏడెనిమిది పీరియడ్లు చాలు.

నేను బెంగళూరులో కృష్ణరాజపురం వైపు ఒక స్కూల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సోషల్ చెబుతాను. మొదటి ఏడాది మేమూ అందరిలాగే చేశాం. ఒక రిటైర్డ్ ఆఫీసర్‌ని పిలిచి స్టేజి మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, పిల్లల చేత ఒక డాన్సు వేయించి పంపించాం. గంటన్నర కార్యక్రమంలో ఆయన మాట్లాడింది ఐదు నిమిషాలు కూడా ఉండదు. ఆ రోజు పొద్దుటి నుంచీ మా గేటు దగ్గర నిలబడి ఆటోలను పక్కకు పంపించిన సెక్యూరిటీ ఆయన పదిహేడేళ్లు ఆర్మీలో చేసి నాయక్‌గా రిటైరయ్యారని మాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఆ శాలువా కవరు పట్టుకుని నేను లోపలికి వెళ్తుంటే గేటు తీసింది ఆయనే.

కాబట్టి ఇప్పుడు మా మొదటి పని వెతకడం. పిల్లలకు ఒక వారం టైమివ్వండి. తాతయ్యలు, మేనమామలు, పక్కింటివాళ్లు, స్కూల్ వ్యాన్ డ్రైవర్, అపార్ట్‌మెంట్ సూపర్‌వైజర్, బ్యాంకు తలుపు దగ్గర తుపాకీతో నిలబడే గార్డు, వీళ్లలో మిలిటరీలో చేసినవాళ్లు ఎవరున్నారో కనుక్కుని రమ్మనండి. తెలియనివాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉండాలని గట్టిగా చెప్పండి. కాగితం మీద నాలుగే రాయాలి: పేరు, ఏ దళం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ పని. ఆ నాలుగోదే అసలైనది. పిల్లల దృష్టిలో సైనికుడంటే తుపాకీ పేల్చేవాడే. కాగితాలు వెనక్కి వచ్చాక వంటవాళ్లు, డ్రైవర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, నర్సులు, మెకానిక్‌లు, గుమస్తాలు బయటపడతారు. పోయిన ఏడాది మా ఏడో తరగతివాళ్లు పదకొండు మందిని పట్టుకొచ్చారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వైపు చుట్టాలున్న పిల్లలెవరైనా మీ క్లాసులో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన ఊరని దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు.

ఈ దశలోనే ఒక తేడా చెప్పేయండి. మాజీ సైనికులు వేరు, అమరులైన జవాన్లు వేరు. మా క్లాసులో ఒక పాప ఎంతో శ్రద్ధగా గ్రీటింగ్ కార్డు చేసింది, తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మీద హెల్మెట్, కింద పూలు. ఆ గుర్తు చనిపోయినవాళ్ల కోసం. దాన్ని బతికున్న తాతయ్య చేతిలో పెట్టకూడదు కదా. తప్పు ఆ పాపది కాదు, ముందే చెప్పనిది నేను.

అలా దొరికినవాళ్లలో ఒకరిని క్లాసుకు పిలవండి. ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలకు తర్వాతి పీరియడ్ మొత్తం కేటాయించండి, దీన్ని మాత్రం తగ్గించొద్దు. పన్నెండేళ్ల పిల్లల్ని వదిలేస్తే మొదటి ప్రశ్న "ఎంతమందిని చంపారు?" అనే వస్తుంది, ఒకసారి వచ్చింది కూడా. ఆ రోజు మా క్లాసుకు వచ్చినాయన కాసేపు బల్ల వైపు చూసి, నీళ్లు తాగి, వేరే మాట ఎత్తుకున్నారు. పిల్లలకు దురుద్దేశమేమీ లేదు, సినిమాల్లో చూసిందే అడిగారు. ఆ ప్రశ్న ఎందుకు వద్దో తిట్టకుండా చెప్పండి, అది ఆయన తనంతట తాను చెప్పాలనుకుంటే చెప్పే విషయం అని. దాని బదులు చిన్న చిన్న వివరాలు అడగడం నేర్పండి. ఇంటి నుంచి బయల్దేరిన రోజు ట్రంకు పెట్టెలో ఏం పెట్టుకున్నారు? హిందీ రాకుండా ట్రైనింగ్‌లో ఎలా నెట్టుకొచ్చారు? రాగి సంగటి తినే మనిషికి రోజూ రొట్టెలు ఎలా సయించాయి? సెలవు దొరికితే ఊరు చేరడానికి ఎన్ని రోజులు పట్టేది? తిరిగొచ్చాక మీరు వెళ్లిన మొదటి ఉద్యోగం ఏది? ఒక్కో పిల్లాడు ఒక్కో ప్రశ్న తీసుకుని చీటీ మీద రాసుకోవాలి. ఆ చీటీలన్నీ రెండు రోజుల ముందే ఆయనకు పంపి, వద్దనుకున్నవి కొట్టేయమనండి.

ఇక ఆయన వచ్చే రోజు. స్టేజి వద్దు, మైకు వద్దు. బెంచీలు గోడకు జరిపి గుండ్రంగా కూర్చోండి, ఆయనకు చేతులున్న కుర్చీ వేయండి. 1971లో పనిచేసినవాళ్లంతా డెబ్బై దాటినవాళ్లు, కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ గది చూసుకోండి, బాత్రూమ్ దగ్గరగా ఉండాలి, నలభై నిమిషాలకు మించొద్దు. వీలైతే పాత వస్తువు ఒక్కటి తెమ్మనండి. మా దగ్గరికి వచ్చిన ఒక తాతగారు, సుబేదార్‌గా రిటైరైనవారు, అంచులు నలిగిపోయిన ఒక ఇన్‌ల్యాండ్ లెటర్ తెచ్చారు, వాళ్లమ్మగారు ఎవరి చేతనో రాయించి పంపిందట. పిల్లలు చేతులు కడుక్కుని వచ్చి ఒక్కొక్కరే చూశారు. చిరునామాలో ఆయన నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర కేరాఫ్ 56 ఏపీఓ. అంతే. "ఊరు పేరేది తాతా?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, మనిషి ఎక్కడున్నాడో కవరు మీద ఉండకూడదు, అందుకే సైనికుల ఉత్తరాలు 56 ఏపీఓ, 99 ఏపీఓ అనే నంబర్ల మీద వెళ్తాయని ఆయన చెప్పారు. ఆ తర్వాత, వాళ్లమ్మ చనిపోయేదాకా అదేదో ఊరి పేరనే అనుకుందని, కాశ్మీర్‌లో కొండ మీద మంచులో ఉన్నప్పుడు కూడా ఆ 56 ఊళ్లో వానలు బాగా పడ్డాయా అని రాయించేదని చెప్పారు. గదిలో చప్పుడు లేదు.

ఆ మర్నాడే ఉత్తరం రాయించాను. మీరూ వెంటనే రాయించండి, వేడి చల్లారనివ్వొద్దు. పోస్టాఫీసు నుంచి ఇన్‌ల్యాండ్ లెటర్లు తెప్పించండి, చాలామంది పిల్లలు దాన్ని మడిచి అంటించడం ఎప్పుడూ చూసి ఉండరు. "మీ సేవలకు ధన్యవాదాలు" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టనివ్వకండి. ఆయన చెప్పినదాంట్లో తమకు గుర్తుండిపోయిన ఒక్క వివరం, దాని గురించి తమకు ఏమనిపించింది, ఈ రెండూ ఉండాలి. తెలుగు రాయడం కష్టమైన పిల్లలు కన్నడలోనో ఇంగ్లీషులోనో రాసి, చివర రెండు వాక్యాలు తెలుగులో రాస్తే చాలు. ఆయనకు ఏ భాష వచ్చో ముందే కనుక్కోండి.

ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లల కోసం వంతెన పని బాగుంటుంది. అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, 1780 నాటి చరిత్ర ఉన్న దళం, మద్రాస్ సాపర్స్ అంటారు, వాళ్ల పనే దారులు వేయడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం. ముళ్లకంచెను పేల్చి దారి చేసే గొట్టం బాంబుకు బ్యాంగళూర్ టార్పెడో అని పేరు రావడానికి కారణం కూడా వాళ్లే, 1912లో ఆ దళానికి చెందిన మెక్‌క్లింటాక్ అనే కెప్టెన్ దాన్ని ఇక్కడే తయారు చేశాడు. జట్టుకి ఐదుగురు, పది న్యూస్ పేపర్లు, ఒక టేపు, అరగంట. రెండు బెంచీల మధ్య రెండడుగుల ఖాళీ మీద వంతెన కట్టి దాని మీద నిండు లంచ్ బాక్స్ నిలబెట్టాలి. పేపర్‌ని గొట్టంలా చుడితే బలం వస్తుందని ముందే చెప్పకండి, రెండోసారి కూలాక వాళ్లే కనిపెడతారు. ఇంజినీర్ దళంలో చేసినవాళ్లు దొరికితే ఆయన్నే జడ్జిగా పిలవండి.

నాకు బాగా ఇష్టమైనది బుర్రకథ. ముగ్గురు పిల్లలు, మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు, గుమ్మెటలు లేకపోతే స్టీలు డబ్బాలు. ఆయన చెప్పిన కథనే ఐదారు నిమిషాల్లో చెప్పాలి, ఆయన చెప్పనిది ఒక్క ముక్క కలపకూడదు, శత్రువుని తిట్టే డైలాగులు వద్దు. మా వాళ్లలో హాస్యం చెప్పే వంత కన్నడ పిల్లాడు, సగం కన్నడంలోనే చెప్పాడు, "తందాన తాన" మాత్రం అందరికంటే గట్టిగా అందుకున్నాడు. రాసింది ముందు ఆయనకు చదివి వినిపించి, సరేనన్నాకే ఆడించండి.

పతాక దినోత్సవం జెండాలు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఎరుపు ఆర్మీకి, ముదురు నీలం నేవీకి, లేత నీలం ఎయిర్‌ఫోర్స్‌కి. ఆ జెండాలకు విరాళంగా వచ్చిన డబ్బు సైనిక కుటుంబాల సంక్షేమానికి వెళ్తుందని పిల్లలకు చెప్పండి, ఎవరినీ ఇంత ఇవ్వాలని బలవంతపెట్టొద్దు.

బయటకు తీసుకెళ్లగలిగితే నెహ్రూ ప్లానిటోరియం పక్కనున్న జాతీయ సైనిక స్మారకానికి వెళ్లండి. అక్కడ ఒకే రాయితో నిలబెట్టిన 75 అడుగుల వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపే రాయి, ఉంది. పల్నాటి వీరుల కథ విన్న పిల్లలకు వీరగల్లు అంటే ఏమిటో వివరించడం సులువు. ఒక్కొక్కరు రాతి మీద ఒక పేరు ఎంచుకుని నోట్‌బుక్‌లో రాసుకుని, బస్సులో తిరిగొచ్చేటప్పుడు దాన్ని పైకి చదవాలి. సెల్ఫీలు బయటకు వచ్చాకే.

చివరగా, పిల్లలు రాసినవన్నీ కలిపి స్పైరల్ బైండింగ్ చేయించండి, నలభై పేజీలు కూడా కాదు. బైండింగ్‌కి ఇచ్చే ముందు ర్యాంకు, యూనిట్, పేరు స్పెల్లింగ్ ఆయనతోనే సరిచూయించండి, ఎందుకంటే మేము ఒకసారి హవల్దార్‌ని సిపాయి అని రాసేశాం, ఆ మెట్టు ఎక్కడానికి ఆయనకు పట్టిన ఏళ్లు ఆయనకే తెలుసు. ఒక కాపీ లైబ్రరీకి. ఇంకోటి ఆయనకు, కొరియర్‌లో కాకుండా ఇద్దరు పిల్లలు వెళ్లి ఇచ్చేలా చూడండి. మా గేటు దగ్గరి ఆయన కాపీ ఇప్పటికీ సెక్యూరిటీ గదిలో విజిటర్స్ రిజిస్టర్ కింద ఉంటుంది, లోపలికి వచ్చే పేరెంట్స్ సంతకం పెడుతూ దాన్ని తిరగేస్తుంటారు.