మోడు లాగేటప్పుడు గొలుసు ఎక్కడ కట్టాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ముదిరిన జీడి తోటలను తీసేసి కొత్త మొక్కలు నాటేవారు, ట్రాక్టరుతో మోడులు లాగించేటప్పుడు గొలుసును వెనుక ఇరుసుకు గానీ, పై లింకుకు (వెనుక పనిముట్లను పైభాగాన పట్టి ఉంచే కడ్డీకి) గానీ ఎన్నడూ కట్టించకండి. అలా కడితే మోడు కదలనప్పుడు ముందు చక్రాలు పైకి లేచి, డ్రైవరు క్లచ్ తొక్కేలోపే బండి వెనక్కి తిరగబడుతుంది. ఇరుసు కంటే కిందనున్న డ్రాబారుకే (లాగాల్సినవి తగిలించే వెనుక ఇనుప పట్టీకే) కట్టి, తక్కువ గేరులో, కుదుపు లేకుండా లాగాలి. గొలుసు తెగితే కొరడాలా విసురుగా వస్తుంది కాబట్టి దగ్గరలో ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, నిలబడనివ్వకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత తోటలు బాగుచేసుకున్నవారికి ఈ పని ఎంత కష్టమో తెలుసు. నేల బిగిసిపోయిన మే నెలలో మొండిగా లాగించే కంటే, అప్పుడు చుట్టూ గొయ్యి తీసి పక్క వేర్లు నరికి ఉంచి, తొలకరిలో ఒకటి రెండు వానలు పడి మట్టి మెత్తబడ్డాక లాగిస్తే మోడు తేలికగా వస్తుంది.