మొండి సర్క్లిప్ రావట్లేదా? ముందు ప్లయర్ పక్కన పెట్టండి

సర్క్లిప్ అంటే షాఫ్ట్ మీదో రంధ్రం లోపలో ఉన్న గాడిలో కూర్చుని, బేరింగో గేరో జరిగిపోకుండా ఆపే స్ప్రింగ్ రింగు. ప్లయర్ ముక్కు దిగడానికి దాని రెండు కొసల్లో రంధ్రాలున్న చెవులుంటాయి. అది రావట్లేదంటే చాలామంది ప్లయర్‌ని ఇంకా గట్టిగా నొక్కుతారు. దాంతో ముక్కు జారుతుంది, లేదా రింగు చెవి విరుగుతుంది, లేదంటే రింగు మొత్తం ఎగిరి ఏ బెంచీ కిందికో పోతుంది. నిజానికి రింగు ఊరికే మొండికేయదు. గాడిలో తుప్పూ జిడ్డూ గట్టిపడి ఉండాలి, లేదా వెనకున్న బేరింగో గేరో దాన్ని గాడి అంచుకేసి అదిమి పెట్టి ఉండాలి. ఈ రెంటినీ వదిలిస్తే మామూలు తపారియా కంపెనీ సర్క్లిప్ ప్లయర్‌కే వచ్చేస్తుంది. చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పాత మెషీన్ కొని తెచ్చుకున్నా, ఉప్పుగాలి తగిలే రాయపురం వైపు షెడ్డులో ఏళ్ళ తరబడి మూలన పడున్న పిల్లర్ డ్రిల్ అయినా పద్ధతి ఇదే. కాకపోతే రెండోదానికి నూనె ఎక్కువ పడుతుంది, ఓపిక ఇంకా ఎక్కువ పడుతుంది.

ముందు కళ్ళద్దాలు పెట్టుకోండి. మామూలు చూపు అద్దాలు కాదు, పక్కలు కూడా మూసే సేఫ్టీ గాగుల్స్. ఇంకోటి, ఆ రింగు వెనక నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ ఉందేమో చూసుకోండి. ఉంటే ముందు ప్రెస్‌తోనో క్లాంప్‌తోనో స్ప్రింగ్‌ని అదిమి పట్టాకే రింగు జోలికి వెళ్ళాలి. హైడ్రాలిక్ జాక్ అయితే ప్రెషర్ పూర్తిగా వదిలేయాలి.

ఇప్పుడు వైర్ బ్రష్, సన్నటి సూది లాంటి పిక్ తీసుకుని గాడంతా గీకండి. పాత గ్రీజు రాయిలా మారి రింగు చెవుల రంధ్రాల్లో కూడా నిండిపోతుంది. అది తీయకపోతే ప్లయర్ ముక్కు పూర్తిగా దిగదు, దిగకపోతే జారక మానదు. శుభ్రం చేస్తే రింగు ఏ రకమో కూడా తెలుస్తుంది. బోర్ (గుండ్రటి రంధ్రం) లోపల కూర్చునేది ఇంటర్నల్, దాని చెవుల్ని దగ్గరికి నొక్కాలి. షాఫ్ట్ మీద కూర్చునేది ఎక్స్‌టర్నల్, దాన్ని విప్పార్చాలి. ఇంగ్లీషు E ఆకారంలో ఉండే ఈ-క్లిప్ అయితే ప్లయర్‌తో పనే లేదు, పక్క నుంచి నెడితే చాలు. చెవులే లేకుండా చుట్టలు చుట్టినట్టు ఉంటే అది స్పైరల్ రింగు. దాని కొసన ఉన్న చిన్న నొక్కులో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపి, చుట్టూ తిప్పుకుంటూ విప్పాలి.

తుప్పుకి పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె), అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్ళూ ఉన్నారు. పనిచేస్తుంది కానీ అసిటోన్ పెయింట్‌నీ ప్లాస్టిక్‌నీ కొన్ని రకాల ఆయిల్ సీళ్ళనీ తినేస్తుంది, పైగా నిప్పంటే మండుతుంది. అందుకని అది వాడిన చోట ఆ తర్వాత హీట్ గన్ ఆన్ చేయకండి.

అందరూ వదిలేసేది దీని తర్వాతి పని. ఇంటర్నల్ రింగు వెనక బేరింగ్ ఉంటే, దాని బయటి రేస్ (బయటి రింగు) మీద సరిపోయే పైపు ముక్క పెట్టి మెత్తటి సుత్తితో లోపలికి రెండు దెబ్బలు వేయండి. వెంట్రుకవాసి జరిగినా చాలు, రింగు మీద బరువు పోతుంది. అవతల జరగడానికి ఖాళీ లేకపోతే మాత్రం ఆగిపోండి, బలవంతం చేస్తే బేరింగే దెబ్బతింటుంది. ఎక్స్‌టర్నల్ అయితే గేరునో పుల్లీనో రింగు నుంచి దూరంగా తట్టాలి. ఆ తర్వాత ఒక చెవి పక్కన చిన్న ఇత్తడి పంచ్ పెట్టి నెమ్మదిగా కొడుతూ రింగుని గాడిలోనే తిప్పి చూడండి. అది కాస్త తిరిగిందంటే తుప్పు పట్టు వదిలినట్టే, ఇక సగం టెన్షన్ పోయినట్టే.

అప్పుడు ప్లయర్. రంధ్రంలో ఆడకుండా బిగువుగా దిగే ముక్కు కావాలి. అరిగి గుండ్రమైన ముక్కు దండగ. ఒక గుడ్డ అడ్డం పెట్టి, మొహం రింగుకి ఎదురుగా కాకుండా పక్కకి ఉంచి, నిటారుగా పట్టుకుని నొక్కండి. పక్కన ఎవరైనా ఉంటే, మీరు నొక్కి పట్టినప్పుడు చెవులకి ఎదురు వైపున సన్న స్క్రూడ్రైవర్‌తో రింగుని గాడిలోంచి ఎత్తమనండి. ఒక్కరే రెండు స్క్రూడ్రైవర్లతో కుస్తీ పట్టే పద్ధతి నాకు నచ్చదు, బోర్ మీద గీతలు పడేది అక్కడే.

చెవి విరిగిపోయిందా? సర్క్లిప్ స్ప్రింగ్ స్టీలు, మామూలు డ్రిల్ బిట్‌తో పెద్దగా పని జరగదు. చిన్న రోటరీ టూల్‌కి డైమండ్ బర్ (వజ్రపు పొడి అద్దిన చిన్న బిట్) పెట్టి, రింగు కొస దగ్గర పిక్ దూరేంత నొక్కు చేయండి. దానికీ రాకపోతే సన్న కటింగ్ డిస్క్‌తో రింగుని కోసేయడమే. గాడి అంచులకి తగలకుండా కింద పలుచని రేకు ముక్క దూర్చండి. బేరింగ్ ఉంటే నిప్పురవ్వలు లోపలికి పోకుండా తడిగుడ్డ కప్పండి. రింగు పోతే కొత్తది కొద్ది రూపాయలు, గాడి చెడితే షాఫ్టే మార్చాలి.

వంగిన, విప్పార్చి వదులైన పాత రింగుని మళ్ళీ వేయకండి. చెన్నై ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతాయి, సైజు చెప్పడం తెలిస్తే చాలు. రింగుని కాదు, అది కూర్చునే షాఫ్టునో బోర్‌నో వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. షాఫ్ట్ 25 మిల్లీమీటర్లైతే ఎక్స్‌టర్నల్ 25 అని అడగండి. డిన్ 471 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం దాని మందం 1.2, గాడి వ్యాసం 23.9 మిల్లీమీటర్లు. 6205 నంబరు బేరింగ్ కూర్చునే హౌసింగ్ అయితే బోర్ 52, అంటే డిన్ 472 ఇంటర్నల్ 52, మందం 2 మిల్లీమీటర్లు. బిగించేటప్పుడు రింగుకి ఒక వైపు అంచు పదునుగా, ఇంకో వైపు కాస్త గుండ్రంగా ఉంటుంది చూడండి, బరువు పడే భాగానికి గుండ్రటి వైపు, గాడి గోడకి పదునైన వైపు వచ్చేలా పెట్టండి. అవసరానికి మించి విప్పార్చకుండా ఎక్కించి, గాడిలో చేత్తో తిప్పి చూడండి. కొంచెం బిగువుగా తిరిగితే పూర్తిగా కూర్చున్నట్టు, ఒక చోట పైకి లేచి కనిపిస్తే గాడిలో ఇంకా మురికి ఉన్నట్టు.