ద్రవీకరణ చెందే ఇసుకలో పైల్ పునాదిని సరిచూసుకోవడం ఎలా?

2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని పోర్ట్, కస్టమ్స్ కార్యాలయ టవర్ ఒరిగింది. ఆ 22 మీటర్ల భవనాన్ని 18 మీటర్ల పొడవైన 32 కాంక్రీట్ పైల్స్ (నేల లోతుకు దించిన స్తంభాలు) మోసేవి. పైన సుమారు 10 మీటర్ల బంకమట్టి, దాని కింద ఇసుక. పైల్స్ అడుగులు, కుదుపుకు పట్టు వదిలి ద్రవంలా మారే (అంటే ద్రవీకరణ చెందే) ఆ నీటి ఇసుకలోనే ఆగిపోయాయి. పైల్ వేశాం కాబట్టి భయం లేదనుకునేవారు ముందుగా చూడాల్సింది ఈ ఉదాహరణనే.

మొదట, ఏ పొర ద్రవీకరణ చెందుతుందో తేల్చండి. భారత భూకంప నిబంధనలు ఐఎస్ 1893 (2016) అనుబంధంలో ఎస్‌పీటీ పద్ధతి ఉంది: బోరు అడుగున గొట్టాన్ని సుత్తితో కొట్టి, అది 30 సెం.మీ. దిగడానికి పట్టిన దెబ్బలు లెక్కిస్తారు. ఆ సంఖ్యే ఎన్ విలువ. కృష్ణా డెల్టా తరహా నేలను తీసుకుందాం: నీటిమట్టం 1 మీటరు లోతున, పరిశీలించే లోతు 6 మీటర్లు, మట్టి బరువు ఘనపు మీటరుకు 19 కిలోన్యూటన్లు. మొత్తం పీడనం 114, నీటి పీడనం తీసేస్తే 65 కిలోపాస్కల్. ఆ 2016 నిబంధనల్లో విజయవాడ ఉన్న జోన్ 3కి ఇచ్చిన తీవ్రతా గుణకం 0.16 వేస్తే, భూకంపం నేలపై మోపే ఒత్తిడి నిష్పత్తి 0.17 దాకా వస్తుంది. సవరించిన ఎన్ విలువ 10 ఉన్న శుభ్రమైన ఇసుక, మాగ్నిట్యూడ్ 7.5 భూకంపానికి 0.11 మాత్రమే తట్టుకుంటుంది. భద్రతా గుణకం, అంటే తట్టుకునేదాన్ని మోపేదానితో భాగిస్తే వచ్చేది, 0.65. ఇది 1 కన్నా తక్కువ. ఆ పొర నిలవదు.

ఈ లెక్కంతా ఎన్ విలువ మీదే నడుస్తుంది కాబట్టి బోరింగ్ దగ్గర మనిషి నిలబడాలి. బోరులో నీటిమట్టం భూగర్భ జలం కంటే కిందికి దిగితే అడుగు ఇసుక పొంగి వదులవుతుంది, ఎన్ విలువ తప్పుగా తగ్గిపోతుంది.

తర్వాత నిలువు భారం. ద్రవీకరణ చెందే పొరలో పక్క ఘర్షణను సున్నాగా తీసుకోండి. దానిపైన గట్టి పొర ఉంటే దాని ఘర్షణనూ నమ్ముకోకూడదు. కుదుపు ఆగి నీరు బయటికి పోయాక ఇసుక కుంగుతుంది, పై పొర దానితోపాటే దిగుతూ పైల్‌ను కిందికి లాగుతుంది. అందుకే పైల్ అడుగు ద్రవీకరణ చెందని పొరలోకి బాగా దిగాలి.

బక్లింగ్‌ను, అంటే నిలువు భారానికి సన్నని స్తంభం పక్కకు వంగిపోవడాన్ని, చాలా డిజైన్లలో అసలు చూడరు. చుట్టూ ఇసుక పట్టు వదిలేశాక పైల్ ఆసరా లేని సన్నని స్తంభంగా మిగులుతుంది. పైల్ క్యాప్ (పైల్స్ తలల మీది కాంక్రీట్ దిమ్మ) అన్నింటినీ కలిపి ఉంచినా, గుంపు మొత్తం ఒకేసారి పక్కకు ఊగగలదు. క్యాప్ దగ్గరా, అడుగు పొరలోనూ పైల్ తిరగకుండా బిగిసి ఉందనుకుంటే, ప్రభావ పొడవు అంటే ద్రవీకరణ పొర మందం, దానికి తోడు కింది పొరలో పట్టు దొరికే దాకా సుమారు 4 వ్యాసాలు. ఈ పొడవును వ్యాసంలో నాలుగో వంతుతో భాగించినప్పుడు 50 దాటకూడదు. 10 మీటర్ల పొరలో 400 మి.మీ. పైల్‌కు 116 వస్తుంది, 900కు 60, 1200కు 49. కాబట్టి ఇలాంటి నేలలో సన్న పైల్స్ ఎక్కువ వేయడం కన్నా లావు పైల్స్ తక్కువ వేయడమే మేలు.

నది గట్టు, కాలువ, రేవు దగ్గర నేల నీటివైపు పక్కకు జారుతుంది. అప్పుడు పైల్‌ను తోసే బలాన్ని విడిగా లెక్కకట్టాలి. జపాన్ రోడ్డు వంతెనల నిబంధనల్లో పై గట్టి పొరకు పూర్తి పాసివ్ పీడనం (కదిలే మట్టి పైల్‌ను నెట్టగల గరిష్ఠ పీడనం), ద్రవీకరణ పొరకు మొత్తం నేల పీడనంలో 30 శాతం తీసుకుంటారు. 3 మీటర్ల మందం, ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్ల బరువు, పాసివ్ గుణకం 3 ఉన్న పై పొర ప్రతి మీటరు వెడల్పుకు 243 కిలోన్యూటన్లు తోస్తుంది. మెత్తబడిన ఇసుక గురించే ఆలోచించి, దాని మీద తేలుతూ కదిలే ఈ గట్టి పొరను వదిలేస్తే లెక్క ఘోరంగా తప్పుతుంది. క్యాప్ ఆ పొరలోనే ఉంటే మరీ ఎక్కువ.

1995 కోబే భూకంపం తర్వాత తవ్వి చూసినప్పుడు పైల్స్ తల దగ్గరే కాదు, లోతున మెత్తని పొర, గట్టి పొర కలిసే చోట కూడా విరిగి కనిపించాయి. వంపు అక్కడే కేంద్రీకృతమవుతుంది. చాలా సైట్లలో కేజ్‌ను (పైల్‌లోని ఇనుప చువ్వల బోనును) సగం లోతులో ఆపేస్తారు, అంటే అవసరమైన చోట చువ్వలు ఉండవు. నిలువు చువ్వలను ఆ సరిహద్దు దాటించి కిందికి తీసుకెళ్లండి. యూరప్ భూకంప నిబంధనలైన యూరోకోడ్ 8 ప్రకారం తల దగ్గర 2 వ్యాసాల దూరం, పొరల గట్టిదనం బాగా మారే సరిహద్దుకు పైనా కిందా 2 వ్యాసాల దూరం రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. 1200 మి.మీ. పైల్‌కు అది సరిహద్దుకు అటూ ఇటూ 2.4 మీటర్లు. బోరును బట్టి సరిహద్దు లోతు మారుతుంది కనుక, దొరికిన అతి తక్కువ, అతి ఎక్కువ లోతులు రెండింటినీ ఈ పట్టీలోకి తీసుకోండి. అక్కడ చువ్వల అతుకు పడనివ్వకండి.

భూకంపం తర్వాత భవనం నిటారుగా కనిపించినా లోతున పైల్ విరిగి ఉండవచ్చు. సోనిక్ పరీక్ష (ధ్వని తరంగాలతో కాంక్రీటును చూసే పరీక్ష) కోసం కేజ్‌కు కట్టిన పైపుల్లో ఒకదాన్ని గ్రౌట్‌తో (పలుచటి సిమెంటు ముద్దతో) నింపకుండా, క్యాప్ పైదాకా పొడిగించి మూతవేసి ఉంచితే, తర్వాత అందులోకి వంపు కొలిచే పరికరాన్ని దించి ఏ లోతున మలుపు వచ్చిందో చూడవచ్చు. పైపు స్థానాన్ని భవనం డ్రాయింగుల్లో గుర్తు పెట్టండి.