చెరువు గట్టు మీద జనరేటర్‌కు డీజిల్ ఫిల్టర్ మార్చిన అనుభవం

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువులో కరెంటు పోతే ఏరేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) జనరేటరే దిక్కు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ఆ వేళ ఇంజన్ ఆగితే టెన్షన్ మామూలుగా ఉండదు. మొన్న అదే జరిగింది, లోడు పడగానే ఆగిపోతోంది.

ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టాను. కాసేపటికి డీజిల్ కింద నీళ్లు విడిగా కనిపించాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ రాత్రిళ్లు చల్లబడి నీరుగా దిగుతుంది. మన డెల్టా గాలిలో తేమకు కొదవేముంది!

కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు డీజిల్ రాసి చేత్తోనే బిగించాను. స్పానర్‌తో బలంగా బిగిస్తే రింగు నలిగిపోతుంది. అసలు పని ఆ తర్వాతే. పైనున్న బ్లీడ్ స్క్రూ (లోపలి గాలి బయటికి వదిలేది) వదులు చేసి హ్యాండ్ ప్రైమర్, అంటే డీజిల్ ఎక్కించే చేతిపంపు, కొడుతుంటే మొదట నురగ వస్తుంది. బుడగలు పూర్తిగా ఆగి డీజిల్ ధార కట్టేదాకా కొట్టి, కొడుతుండగానే స్క్రూ బిగించాలి. ఇక్కడ తొందరపడొద్దు. గాలి మిగిలితే ఇంజన్ స్టార్టయినా మళ్లీ ఆగుతుంది.

ఇప్పుడు సాయంత్రమే ట్యాంకు నింపేస్తున్నాం. ఫిల్టర్ అడుగు నీళ్లు వారం వారం వదిలే పని చెరువు కాపలా కుర్రాడికి అప్పజెప్పాను. ఫిల్టర్ మార్చడం మాత్రం ఇంజన్ పుస్తకంలో రాసిన గంటల లెక్క ప్రకారమే.