చలి ముదరకముందే పాత వ్యాను హీటర్ చూసుకోండి

పాత వ్యానులో హీటర్ సరిగా వెచ్చబడకపోతే చాలామంది ఒక స్వెటర్ ఎక్కువ వేసుకుని సరిపెట్టుకుంటారు. దయచేసి అలా వదిలేయకండి. ముందు అద్దం మీద పట్టిన ఆవిరిని, మంచును పోగొట్టేది ఆ వేడిగాలే. పైగా హీటర్‌కి వేడి అందేది ఇంజన్లో తిరుగుతూ దాన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ నుంచే. అందుకే లోపల చల్లగా ఉందంటే ఇంజన్ దగ్గరే ఏదో తేడా వచ్చి ఉండొచ్చు.

మొదట చూడాల్సింది కూలెంట్ మట్టం. అదీ రాత్రంతా ఆగి ఉన్న బండికి, పొద్దున్నే. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పొద్దు, గుడ్డ అడ్డం పెట్టుకుని కూడా వద్దు. లోపల ఒత్తిడి ఉండటం వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు కాగానే ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. పక్క డబ్బాలో గీత దాకా ఉందని ఊరుకోవద్దు. రేడియేటర్‌కే మూత ఉన్న బండ్లలో అదీ తీసి చూడండి. డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్లో తక్కువగా ఉండొచ్చు. బండి పరుగెడుతుంటే వెచ్చగా, ఆగితే చల్లగా గాలి వస్తోందంటే నా మొదటి అనుమానం దీని మీదే. తగ్గింది పోశాక లోపల చిక్కిన గాలిని తీయించాలి. వెనక సీట్లకు వేరే హీటర్ ఉన్న వ్యానుల్లో పైపులు అడుగున పొడుగ్గా వెళ్తాయి, అక్కడ గాలి చిక్కితే ఓ పట్టాన వదలదు. ఉత్త నీళ్ళు మాత్రం పోయకండి, గడ్డకడితే ఇంజనే పగలొచ్చు. నీళ్ళు కలపని చిక్కటి కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపితే సుమారు మైనస్ 35 డిగ్రీల దాకా భయం లేదు.

మట్టం సరిగానే ఉంటే చేత్తోనే తేల్చుకునే పరీక్ష ఒకటుంది. బండిని ఓ ఇరవై నిమిషాలు నడిపి, హీటర్ నాబ్ పూర్తిగా ఎర్ర గీత వైపు తిప్పి, ఇంజన్ ఆపండి. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక గోడలోంచి డాష్‌బోర్డు కిందికి దూరే రెండు రబ్బరు పైపులు కనిపిస్తాయి. చేతికి గ్లవ్ వేసుకుని ఒక్క క్షణం తాకి చూడండి. ఫ్యాన్‌కి చెయ్యి దూరంగా ఉంచండి, ఇంజన్ ఆగినా అది తిరగొచ్చు. రెండు పైపులూ చురుక్కుమంటే వేడి హీటర్ దాకా వస్తున్నట్టే. లోపల గాలిని మళ్ళించే తలుపో, దాని కేబులో పట్టేసింది. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే హీటర్ కోర్ (డాష్‌బోర్డు లోపల గాలిని వేడెక్కించే చిన్న రేడియేటర్) పూడుకుపోయింది, లేదా దానికి కూలెంట్‌ను వదిలే వాల్వు తెరుచుకోవడం లేదు. రెండూ గోరువెచ్చగా ఉండి ఇంజన్ వేడి చూపే గేజ్ ముల్లు కూడా పైకి లేవకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కి పోనివ్వని మూత) తెరుచుకుని ఉండిపోయిందనుకోవచ్చు. అది చిన్న భాగం, ముందు దాన్నే మార్చండి. డాష్‌బోర్డు మొత్తం విప్పి కోర్ మార్చే పెద్ద పనికి ఈ పరీక్ష చేయకుండా ఒప్పుకోవద్దు. పూడిన కోర్‌ను కడిగేటప్పుడు కూడా నీళ్ళు మెల్లగా పంపమనండి, పాత కోర్ ఒత్తిడికి పగిలిపోతుంది.

వేడిగాలిని లోపలికి ఊదే ఫ్యాను, అంటే బ్లోయర్, అన్నిటికన్నా పెద్ద స్పీడులోనే తిరుగుతోందంటే సాధారణంగా దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయి ఉంటుంది.

అద్దం లోపలివైపు వేలితో రుద్ది చూడండి. తడి ఆరకుండా జిడ్డుగా సాగితే, తియ్యటి వాసన కూడా వస్తే, కోర్ కారుతోంది. కూలెంట్ విషం. రుచి తియ్యగా ఉంటుంది కాబట్టి నేల మీద చుక్క పడినా వెంటనే కడిగేయండి, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనివ్వకండి.

హీటర్ బాగయ్యేదాకా వెచ్చదనం కోసం బండిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ స్టవ్ వెలిగించొద్దు. మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు. మంచు కురిసిన చోట స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీసేయండి. పాత బండిలో పొగ గొట్టానికి చిల్లి పడిందేమో చలికాలానికి ముందే చూపించండి, ఎందుకంటే వీటన్నిటి పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ప్రయాణంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మగత మొదలైతే అలసట అనుకోకండి. బండి ఆపి, తలుపులన్నీ తెరిచి, అందరూ కిందికి దిగి వెంటనే వైద్య సాయానికి ఫోన్ చేయండి.